పిట్టగోడ లేని మిద్దె



2023 ఫిబ్రవరి 11వ తేదీన హైదరాబాదులో హుస్సేన్ సాగరు తీరమున విద్యుత్తుతో నడచు కార్ల పందెము జరిగెను. లాలాగూడ, తార్నాకలకు అది పెద్ద దూరము కాదు గనుక, ఆ ప్రాంతమున పనికిని చదువులకును వెళ్లిన మన సంఘముల పిల్లలు కొందరు చూచి వచ్చిరి. దారి ప్రక్కల కాంక్రీటు గోడలు, వాటిపై ఇనుప వల ఉండుటవలన సరిగా కనబడలేదని వారిలో ఒకడు విసుగుకొనెను. ఆ గోడ ఎందరి ప్రాణముల వెలతో లేచినదో అతడెరుగడు.

1955 జూన్ 11న ఫ్రాన్సు దేశమందలి లె మాన్ పట్టణమున 24 గంటల పందెము జరుగుచుండగా, పియెర్ లెవెగ్ అను నతని మెర్సిడెస్ కారు ముందున్న కారును తాకి గాలిలోనికి లేచి, మట్టికట్టను ఢీకొని ముక్కలయ్యెను. ఆ ముక్కలు జనములోనికి దూసికొనిపోయెను. లెవెగ్‌తో పాటు 80 మందికి పైగా చనిపోయిరి. అచ్చట 1923లో గెలిచిన కారు సగటు వేగము గంటకు 92 కిలోమీటర్లు. 1955లో గెలిచిన దానిది 172. వేగము అంతగా పెరిగినను, జనమునకు అడ్డముగా నున్నది ఆ మట్టికట్టయే. అయినను పందెమును ఆపలేదు. జనమంతయు ఒక్కసారిగా బయలుదేరినచో అంబులెన్సులకు దారి ఉండదని నిర్వాహకులు చెప్పిరి. ఆ మాటలో సత్యము లేకపోలేదు. మరి ఆ దారిని ముందుగానే ఏల విడువలేదు?

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము తీసి చదువుడి. క్రొత్త ఇల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెను. లేనియెడల పడినవాని రక్తము ఆ ఇంటిమీదికి వచ్చును. మిద్దె ఎక్కినవాడు చూచి నడువవలసినది నిజమే. కాని ధర్మశాస్త్రము అచ్చట మాటలాడునది ఎక్కినవానితో కాదు, కట్టినవానితో. ఒకడు పడిన తరువాత కట్టుమనియు చెప్పలేదు.

కారు నడుపువాడు తెలిసియే ఎక్కుచున్నాడు గదా అని కొందరందురు. 1966లో బెల్జియములోని స్పా పందెమున జాకీ స్టీవార్ట్ కారు వానలో దారి తప్పి పడెను. పెట్రోలు ఒంటిమీద కారుచుండగా అతడు దాదాపు 25 నిమిషములు అందులో చిక్కుకొనియుండెను. విడిపించినవారు తోటి పందెగాండ్రు. చూడవచ్చిన వాని యొద్ద స్పానరు అడిగి తెచ్చి పని జరిపిరి. అంత గొప్ప పందెమునకు స్పానరు కరవు! తరువాత అతడు నడుము పట్టీలు, కంచెలు, వైద్యులు కావలెనని పోరాడగా, కొందరు పిరికివాడనిరి. అతడు మూడుసార్లు ప్రపంచ విజేత. లాలాగూడ రైల్వే కార్ఖానాలో బ్రేకులు పరీక్షింపకుండ పెట్టెను బయటికి పంపినవానిని ధైర్యశాలి యని ఎవరైనను పొగడుదురా?

ఇక చూచువారి సంగతి. ముగ్గురు బలాఢ్యులు ప్రాణములకు తెగించి బేత్లెహేము బావి నీళ్లు తెచ్చినప్పుడు దావీదు త్రాగక పారబోసెను. వారి ధైర్యమును అతడు చిన్నచూపు చూడలేదు. ఆ నీళ్లలో వారి రక్తమును చూచెను. మనమైతే కారు బోల్తాపడిన బొమ్మను సెల్‌ఫోనులో మరల మరల వేసికొని చూచుచున్నాము.

పల్లెలలో కార్ల పందెములు లేవు గాని ఎడ్లబండ్ల పందెములు ఉన్నవి. మొన్న సంక్రాంతికి మా యూర పందెము పెట్టిన పెద్దలను, జనమునకు ఎడ్లకు నడుమ దడి కట్టింపుడని అడిగితిమి. “అయ్యగారూ, ఇన్నేండ్లలో ఎవరికైనా ఏమైనా అయినదా?” అనిరి. వెదురు తానిచ్చెదనని మన సంఘపెద్ద ఒకరు ముందుకు రాగా ఒప్పుకొనిరి. దడి లేచినది. పందెము మొదలు కాకమునుపే పిల్లలు దానిమీద ఎక్కి కూర్చుండిరి. వారిని దింపుచుండుటకు ఇద్దరు యౌవనులను సాయంకాలము వరకు అచ్చటనే నిలువబెట్టవలసి వచ్చెను.