గోడ బయటివాళ్లు

పెళ్లయ్యాక పందిరి విప్పడం చూస్తూ నిలబడిపోవడం నాకు చిన్నప్పటి అలవాటు. మొన్న మాఘమాసంలో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో మా బంధువుల పెళ్లి. రాత్రి ఒంటిగంట దాటింది. కారు కోసం ఎదురుచూస్తూ నిలబడితే, మండపం దగ్గర ఒక పెద్దావిడ బంతిదండలు తెంపుతూ, వాటికి గుచ్చిన గుండుసూదులు ఒక్కొక్కటే పీకి ఖాళీ పౌడరుడబ్బాలో వేసుకుంటోంది. సూది పడినప్పుడల్లా చిన్న చప్పుడు. మాట మదనపల్లె వైపుది. ఇదీ అదీ మాట్లాడుతూ, "ఈ జాగా ఎవరిది అవ్వా?" అన్నాను. "ఎవురిదైతే మనకేంది నాయనా, తెల్లారేలోగా ఖాళీ చేయల్ల" అంది.

అదే ప్రశ్న మీద ఇంచుమించు 30 ఏళ్లుగా సుప్రీంకోర్టులో వాదన నడుస్తోంది. 1996లో కర్ణాటక ప్రభుత్వం చట్టం చేసి ఈ 472 ఎకరాల 16 గుంటలను 11 కోట్ల రూపాయల పరిహారానికి తీసుకోవాలనుకుంది. మరుసటి ఏడాది హైకోర్టు ఆ చట్టం చెల్లుతుందంది. మైసూరు రాజకుటుంబం పై కోర్టుకెళ్లింది. వ్యాజ్యం తేలలేదు. ఈలోగా రోడ్డు వెడల్పు చేయడానికి ఇందులోంచి 15 ఎకరాల పైచిలుకు నేల కావలసొచ్చింది. దానికి బదులుగా ఇవ్వాల్సిన అభివృద్ధి హక్కుల (వేరేచోట అదనంగా కట్టుకోవడానికో అమ్ముకోవడానికో వీలిచ్చే హక్కుల) విలువ లెక్క కడితే 2024 నాటికి 3,000 కోట్లు దాటింది. మొత్తానికి 11 కోట్లు, అందులో ముక్కకి 3,000 కోట్లు. ఈ రెండు అంకెల మధ్య ఏం జరిగిందని నేను చాలాసార్లు ఆలోచించాను.

గోడ లోపల పెద్దగా ఏమీ జరగలేదు. చెట్లు పెరిగాయి, గడ్డి ఎండింది, మళ్లీ మొలిచింది. జరిగిందంతా గోడ బయటే. హిందూపురం నుంచి, అనంతపురం నుంచి, కోలారు నుంచి బస్సులెక్కి జనం వచ్చారు. మట్టి మోశారు, మిల్లుల్లో, ఫ్యాక్టరీల్లో చేశారు, తర్వాతి తరం కంప్యూటర్ల ముందు కూచుంది. ఊరు పెరిగింది. ఊరు పెరిగితే నేల ధర పెరిగింది. ధరను పెంచినవాళ్లు 30×40 అడుగుల సైటు కోసం జీవితమంతా వాయిదాలు కడుతున్నారు. దారులు వదలకుండా లెక్కేస్తే ఈ గోడ లోపల అలాంటి సైట్లు 17,000 పైచిలుకు పడతాయి. నేల విలువ నేలలో ఉంటుందా, దాని చుట్టూ బతికే మనుషుల్లో ఉంటుందా? కోర్టుకు వెళ్లిన రెండు పక్షాలకూ ఈ ప్రశ్నతో పనిలేదు.

ఈ నేలలో ఉన్న ప్యాలెస్ భవనం పుట్టుకే చిత్రం. గారెట్ అనే మిషనరీ, సెంట్రల్ హైస్కూలుకు మొదటి ప్రిన్సిపాల్, 1862 ప్రాంతంలో దీన్ని కట్టడం మొదలుపెట్టాడు. బురుజులు, గోడల మీద పాకే తీగలు, అంతా ఇంగ్లండులో జమీందార్లు పల్లెపట్టుల్లో కట్టుకునే కోటల తీరు. విండ్సర్ కోటను చూసి కట్టారని చాలామంది చెబుతారు. తన దేశంలో ఒక బడిపంతులు అలాంటి ఇల్లు కలలోనైనా కట్టగలడా? ఇక్కడ కట్టగలిగాడంటే ఇక్కడి నేల, ఇక్కడి కూలి ఎంత చవకో ఊహించుకోవచ్చు. 1873లో దాన్ని మైసూరు రాజు చామరాజేంద్ర ఒడయార్ పేరు మీద కొన్నారు. రాజుకప్పుడు పదేళ్లు. పాలన బ్రిటిష్ కమిషనరుది. కొన్నది పిల్లవాడి సంరక్షకులు, ఆ పిల్లవాడి సొంత నిధిలోంచి. రాజు నిధి ఎక్కడిది? రాగులు, జొన్నలు పండించినవాడి శిస్తులోంచి వచ్చిందే.

మరో మూడేళ్లకు ధాత నామ సంవత్సరపు కరువు వచ్చిపడింది. 1876 నుంచి 1878 వరకు మైసూరు సంస్థానంలో దాదాపు ఐదో వంతు జనం పోయారంటారు. మన రాయలసీమా అదే కరువులో ఎండింది. ఆ కోటను చూసినప్పుడల్లా నాకు ఆ సంవత్సరాలే మనసులో మెదులుతాయి. లోపల రాజులు వేటాడిన ఏనుగు తల ఉంది, రంగుటద్దాల కిటికీలున్నాయి, వర్ణచిత్రాలున్నాయి. కరువులో పోయినవాళ్ల గుర్తు ఒక్కటీ నాకు కనబడలేదు. ఇది రాజవంశం మీద నింద కాదు. ఏ దేశంలోనైనా పెద్ద ఇల్లు తన జ్ఞాపకాలనే దాచుకుంటుంది.

ఇంగ్లండులోనూ ఇదే కథ. ఊరందరూ గొడ్లు మేపుకునే ఉమ్మడి బీళ్లకు జమీందార్లు చట్టాలు చేసి మరీ కంచె వేసుకున్నారు. కొన్నిచోట్ల కిటికీలోంచి చూపుకు అడ్డొస్తున్నాయని గుడిసెలతో సహా పల్లెల్నే లేపేశారు. ఇరవయ్యో శతాబ్దంలో వారసత్వపు పన్నులు పెరిగాక ఆ ఇళ్లు నిలబెట్టుకోలేక కొన్ని కూల్చారు, కొన్నింటిని 1895లో పుట్టిన నేషనల్ ట్రస్టుకు అప్పగించారు. ఇప్పుడు టిక్కెట్టు కొని చూడొచ్చు, పెళ్లిళ్లు చేసుకోవచ్చు. 2020లో ఆ ట్రస్టే ఒక నివేదిక వేసి, తమ అధీనంలోని 93 చోట్లకు వలసపాలనతోనో బానిసల వ్యాపారంతోనో సంబంధం ఉందని చెప్పింది. తమ గోడల గురించి తామే వేసుకున్న ఆ ప్రశ్నను నేను గౌరవిస్తాను.

ఆ ట్రస్టు చేతిలోనే, ఇంగ్లండు పొరుగున ఉన్న వేల్స్‌లో, పోవిస్ అనే కోట ఉంది. అందులో టిప్పు సుల్తాను గుడారం ఉంది. పూలగుత్తులు అద్దిన నూలుబట్ట. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక అక్కడికి చేరింది. తర్వాత్తర్వాత దాన్ని ఆ కోటవాళ్లు తోట విందుల్లో పందిరిగా వేసుకున్నారు. టిప్పు పుట్టిన దేవనహళ్లి ఈ ప్యాలెస్ గ్రౌండ్స్‌కు కారులో గంట దూరం. మన రాజు గుడారం కింద వాళ్ల విందులు, వాళ్ల కోట నీడలో మన పెళ్లిళ్లు. ఆ బట్ట నేసినవాడి పేరు, రంగులద్దినవాడి పేరు ఎక్కడైనా రాసి ఉంటాయా?

ఒకటి మాత్రం నన్ను ఇబ్బంది పెడుతుంది. ఇంత అన్యాయం మోసిన గోడే ఈ నేలను కాపాడింది కూడా. 1950లలోనే దీన్ని అందరికీ పంచి ఉంటే ఇవాళ ఇక్కడ నీడనిచ్చే చెట్టు మిగిలేదా? 2003లో రోలింగ్ స్టోన్స్ పాడినప్పుడు, 2011లో మెటాలికా వాయించినప్పుడు వేలమంది కుర్రాళ్లు నిలబడటానికి ఊరి నడుమ ఇంత చోటుండేదా? 2005 నుంచి టిక్కెట్టుతో కోట లోపలికి కూడా వెళ్లొచ్చు. పంచుకుంటే ముక్కలవుతుంది, పంచుకోకపోతే కొందరిదే అవుతుంది. ఈ చిక్కుముడి నాకు విడిపోలేదు. విడిపోయిందని చెప్పేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు.

ప్యాలెస్ నేల కోసం చట్టం చేసిన 1996లోనే కర్ణాటక మరో చట్టం చేసింది, కనకపుర రోడ్డులోని తాతగుణి ఎస్టేటు కోసం. అక్కడ ఉన్నది మన వాల్తేరులో పుట్టిన సినీనటి దేవికారాణి, ఆమె భర్త, చిత్రకారుడు స్వెతొస్లావ్ రోరిక్. 460 ఎకరాలకు పైగా నేల, అత్తరుకు పనికొచ్చే నూనెచెట్ల తోట. పిల్లల్లేరు. 1993లో ఆయన, 1994లో ఆమె పోయారు. వెంటనే ఆ నేల ఎవరిదన్న తగాదా మొదలైంది. 2011లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని తేల్చింది. ఇద్దరి సమాధులూ ఆ తోటలోనే ఉన్నాయి. బన్నేరుఘట్ట అడవిలోంచి ఏనుగులు ఆ కంచె దాటి వస్తుంటాయి. వాటి దారి ఏ పత్రంలోనూ రాయలేదు, అయినా అవి నడుస్తాయి.

నా కారు వచ్చేసరికి రెండున్నర. మండపం సగం విప్పేశారు, ఇనప పైపులు కనబడుతున్నాయి. కోట బురుజు మీద ఎర్రదీపం ఒకటి వెలుగుతోంది. అవ్వ డబ్బా మూత బిగించి కొంగున కట్టుకుంది. వాడిపోని దండలు నాలుగు ఏరి పక్కన పెట్టింది. ఎక్కడికని అడిగాను. పొద్దున గేటు బయట అమ్మవారి గుడికి ఇచ్చేసి బస్సెక్కుతానంది.