తెరిచారని చెప్పేదాకా మూసినట్టే

అమ్మడూ,

పదహారేళ్లు నిండగానే గ్లైడర్ లైసెన్సు తెచ్చుకున్నావు. ఇంటిల్లిపాదికీ గర్వంగా ఉంది. ఇక టెహాచాపి నుంచి సియెరా కొండల వెంట ఉత్తరంగా, ఓవెన్స్ లోయ దాకా వెళ్లాలని ఉబలాటపడుతున్నావని మీ అమ్మ చెప్పింది. తప్పకుండా వెళ్లు. ఆ లోయలో లేచే గాలి కోసం ఎక్కడెక్కడి పైలట్లో కాలిఫోర్నియా వస్తారు. కాకపోతే బయల్దేరే ముందు ఈ తాతయ్య మాట ఒకటి చెవిన వేసుకో. నీ దారి పొడవునా మిలిటరీ వాళ్లు వాడుకునే ఆకాశం ఉంది. అది తెరిచి ఉందని చెప్పవలసినవాళ్లు చెప్పేదాకా మూసి ఉన్నట్టే లెక్క.

ఆ ప్రాంతమంతటినీ కలిపి ఆర్-2508 కాంప్లెక్స్ అంటారని నీకు తెలుసు. విస్తీర్ణం సుమారు 20,000 చదరపు మైళ్లు. దక్షిణాన ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం మీద ఆర్-2515 ఉంది. 1947లో చక్ యేగర్ ధ్వని వేగాన్ని దాటింది ఆ ఆకాశంలోనే. ఇన్యోకెర్న్ దాటుతుంటే నీ కుడిచేతి వైపు చైనా లేక్ నౌకాదళ స్థావరం, దాని మీద ఆర్-2505. సైడ్‌వైండర్ క్షిపణి రూపుదిద్దుకుంది అక్కడే. ఈనాటికీ అక్కడ నిజమైన ఆయుధాలనే పరీక్షిస్తారు. నీ గ్లైడరేమో తెల్లటి ఫైబర్‌గ్లాసు. మబ్బు పక్కన ఉంటే కంటికి ఆనదు, రాడార్‌కీ సరిగా చిక్కదు. నువ్వు అక్కడ ఉన్నావని ఎవరికీ తెలియకపోవడమే అన్నిటికన్నా పెద్ద ప్రమాదం.

మ్యాపు మీద నీలం గళ్ల అంచుతో కనిపించేది రిస్ట్రిక్టెడ్ ఏరియా. అది వాడుకలో ఉన్నప్పుడు అనుమతి లేకుండా లోపలికి పోకూడదు, అది చట్టం. ముదురు గులాబీ అంచుతో ఉండేవి మిలిటరీ విన్యాసాల ప్రాంతాలు, అంటే ఎంఓఏలు: ఇసబెల్లా, ఓవెన్స్, సాలీన్, పానమింట్. వాటిలోకి కంటితో చూసుకుంటూ ఎగిరే విఎఫ్ఆర్ పైలట్లు అనుమతి లేకుండానే వెళ్లొచ్చు. చట్టం వెళ్లనిస్తుంది కదా అని అడక్కుండా వెళ్లకు. అక్కడ ఫైటర్ జెట్లు కొండ చరియలను రాసుకుంటూ అతి తక్కువ ఎత్తులో దూసుకొస్తాయి. నువ్వు తల తిప్పి చూసేలోపే అవి నిన్ను దాటిపోతాయి.

ఇక వాకబు చేసే పద్ధతి. మ్యాపు అంచున ఒక పట్టిక ఉంటుంది. ఏరియా నంబరు, ఎంత ఎత్తు నుంచి ఎంత ఎత్తు దాకా, ఏ వేళల్లో, ఎవరి అదుపులో ఉందన్నది అందులో అచ్చేసి ఉంటుంది. అది చదవడం మొదటి మెట్టు మాత్రమే. మన ఊళ్లో కాలువకి వారబందీ పెట్టినప్పుడు పంచాయతీ బోర్డు మీద మన వంతు ఏ రోజో రాసి ఉండేది. అయినా మడికి నీళ్లు మళ్లించుకునే ముందు మీ ముత్తాత తూము దగ్గరికి వెళ్లి నీళ్లు వదిలే లస్కరుని అడిగేవాడు. బోర్డు మీద ఉన్నది ఏర్పాటు, ఇవాళ ఏం జరుగుతోందో లస్కరుకే తెలుసు. ఇక్కడా అంతే.

ముందురోజు రాత్రి ఎఫ్ఏఏ వెబ్‌సైటులో ప్రత్యేక గగనతలాల షెడ్యూలు, పైలట్ల కోసం వేసే తాజా ప్రకటనలైన నోటమ్‌లు చూసుకో. చూసేటప్పుడు టైము దగ్గర జాగ్రత్త. మ్యాపు పట్టికలో ఉండేది స్థానిక సమయం, నోటమ్‌లో ఉండేది యూటీసీ. శనివారం 0000 నుంచి 0400 దాకా అని నోటమ్‌లో ఉందనుకో. ఎండాకాలంలో కాలిఫోర్నియాకి అది శుక్రవారం సాయంత్రం 5 నుంచి రాత్రి 9 దాకా. చలికాలమైతే 4 నుంచి 8 దాకా. తొందరలో చదివితే శనివారం గురించి అనుకుని, శుక్రవారం సాయంత్రం నిశ్చింతగా ఎగురుతావు. అందుకే రెండు టైములూ పక్కపక్కన కాగితం మీద రాసుకో. మనసులో లెక్క కట్టొద్దు.

పొద్దున్నే ఫ్లైట్ సర్వీసుకి ఫోను చెయ్యి. వాతావరణం చెప్పి ఊరుకుంటారేమో, మిలిటరీ ఏరియాల సంగతి నువ్వే నోరు తెరిచి అడుగు. "ఎంఓఏలు ఏమైనా హాట్‌గా ఉన్నాయా?" అని, అంటే వాడుకలో ఉన్నాయా అని, గాలివాటంగా అడిగితే జవాబూ అలాగే వస్తుంది. నంబరు చెప్పు, పేరు చెప్పు, నీ ఎత్తు చెప్పు, ఏ వేళ అక్కడుంటావో చెప్పు. ఎప్పటిదాకా ఖాళీగా, అంటే కోల్డ్‌గా ఉంటుందో, మధ్యలో మారితే ఎవరి దగ్గర తెలుస్తుందో అడుగు. విన్నదాని పక్కన విన్న టైము రాసుకో.

పైకి లేచాక ఆ ప్రాంతపు రాడార్ కంట్రోలర్లయిన జాషువా అప్రోచ్‌ని పిలువు. ఎక్కడున్నావో, ఎంత ఎత్తులో ఉన్నావో, ఎటు వెళ్తున్నావో చెప్పి మళ్లీ అదే ప్రశ్న అడుగు. పొద్దున విన్నది పొద్దుటి మాట. పరీక్షలు ముందుకి జరుగుతాయి, వెనక్కి జరుగుతాయి, ఒక్కోసారి ఆగిపోతాయి. "ఇవాళ ఆదివారం కదా, ఎవరుంటారు" అని కొందరంటారు. వాళ్ల మాట పట్టించుకోకు. రేడియోలో జవాబు రాకపోతే మూసి ఉందనే అనుకో. వాళ్లు "స్టాండ్ బై" అంటే అనుమతి ఇంకా రాలేదనే అర్థం.

ఇంజనున్న విమానం సరిహద్దు దగ్గర చక్కర్లు కొడుతూ జవాబు కోసం ఆగగలదు. నీ గ్లైడర్ ఆగలేదు. ఎత్తు కరిగిపోతుంటే దగ్గరున్న రన్‌వే మూసిన గీతకి అవతల కనిపిస్తుంది, మనసు అటే లాగుతుంది. ఆ పరిస్థితి రాకుండా నేల మీదే ఆలోచించుకో. ఇన్యోకెర్న్, లోన్ పైన్, ఇండిపెండెన్స్, బిషప్: ఏ చోటు నుంచి ఏ రన్‌వే అందుతుందో, దారి మూసేస్తే ఎక్కడ వెనక్కి తిరగాలో గీసుకున్నాకే బయల్దేరు. నాలుగింటి దాకా తెరిచి ఉంటుందన్నారంటే, గాలి ఎంత బాగున్నా నాలుగుకి చాలా ముందే బయటికి వచ్చెయ్యి. ఎత్తుకీ హద్దుంది. 18,000 అడుగులు దాటి, కొండల అవతల గాలి అలలా లేచే వేవ్‌లో ఎక్కాలంటే కంట్రోలర్లు గ్లైడర్ల కోసం కేటాయించిన ఆకాశాన్ని, అంటే వేవ్ విండోని, తెరవాలి. ఆ మాట కూడా ముందే తేల్చుకో.

బ్యాటరీ పొదుపు చేద్దామని, రాడార్‌కి నిన్ను చూపించే ట్రాన్స్‌పాండర్ ఆపకు. 2006 ఆగస్టులో నెవాడాలోని మిండెన్ దగ్గర సుమారు 16,000 అడుగుల ఎత్తులో ఒక బిజినెస్ జెట్, గ్లైడర్ ఢీకొన్నాయి. గ్లైడర్‌లో ట్రాన్స్‌పాండర్ ఉంది, కానీ ఆన్‌లో లేదు. గ్లైడర్ పైలట్ పారాచ్యూట్‌తో దిగాడు, అందరూ బతికి బయటపడ్డారు. అన్నిసార్లూ అలా జరగదు తల్లీ. ఇంకో బ్యాటరీ కావాలంటే నేను కొనిస్తాను.

ఒక్క సంగతి గుర్తుంచుకో. ఆ రేడియోకి అవతల ఉన్నవాళ్లు మన దారికి అడ్డం పడేవాళ్లు కారు. 1961 ఫిబ్రవరిలో గ్లైడర్‌లో 46,267 అడుగులకి ఎక్కి ప్రపంచ రికార్డు నెలకొల్పిన పాల్ బికిల్, ఆ రోజుల్లో ఎడ్వర్డ్స్‌లోనే నాసా ఫ్లైట్ రీసెర్చ్ సెంటర్ డైరెక్టరు. ఆ ఆకాశాన్ని రెండు వైపుల వాళ్లూ మొదటినుంచీ పంచుకుంటూనే ఉన్నారు. స్పష్టంగా అడిగేవాళ్లకి స్పష్టంగానే జవాబిస్తారు. అడిగి "ఇవాళ వద్దు" అనిపించుకోవడం చిన్నతనం కాదు. అలాంటి రోజున గ్లైడర్‌ని ట్రెయిలర్‌లోనే ఉంచి, లేదా టెహాచాపి చుట్టుపక్కల ఓ గంట ఎగిరి ఇంటికి వచ్చెయ్యి. కొండలు ఎక్కడికీ పోవు. నువ్వు ఇంకా ఎన్నో ఏళ్లు ఎగరవలసినదానివి.

ఆశీస్సులతో,
తాతయ్య