కుమ్మరి గాడిద

సిగ్నల్ దగ్గర బండి ఆగుతుంది. ఏసీ నడుస్తుంటుంది. డాష్‌బోర్డు వెనక ఎక్కడో జర్రుమని సన్నటి మోత మొదలవుతుంది. యాక్సిలరేటర్ కాస్త తొక్కితే పోతుంది, వదిలితే మళ్ళీ వస్తుంది. ప్రాణం తీసే సమస్య కాదు, ప్రాణం విసిగించే సమస్య. షెడ్డుకి తీసుకెళ్తే వచ్చే మొదటి ప్రశ్న "శబ్దం ఎక్కణ్ణుంచి?" అని. ఆ ప్రశ్నతోనే సగం దారి తప్పుతాం.

నాలుగు సిలిండర్ల ఇంజను ఐడ్లింగులో నిమిషానికి 750 చుట్లు తిరుగుతోందనుకోండి. అంటే సెకనుకి పన్నెండున్నర. చుట్టుకి రెండు సిలిండర్లు మండుతాయి కాబట్టి సెకనుకి 25 తోపులు. మూడు సిలిండర్ల బండిలో అయితే 19 కూడా ఉండవు. అంత నిదానమైన కుదుపుని చెవికన్నా ముందు ఒళ్ళే పట్టుకుంటుంది. చెవిన పడే జర్రు వేరే వస్తువుది: సైలెన్సర్ గొట్టం మీద వదులైన హీట్ షీల్డుది, క్లిప్పు ఊడిన ప్లాస్టిక్ ముక్కది, ఒక్కోసారి గ్లవ్ బాక్సులో పడేసిన చిల్లరది. కుదిపేది ఒకటి, మోగేది ఇంకొకటి. ఆ కుదుపుని మధ్యలో మింగేయాల్సిన రబ్బరు మౌంటు మూడోది. ఈ మూడింట్లో కారణం ఏది? మనం మామూలుగా మోగేదాన్ని పట్టుకుని తిడతాం. మనుషుల విషయంలోనూ అంతే అనుకోండి, అది వేరే కథ.

కారణం అంటే ఏమిటన్నదాని మీద మన నైయాయికులు చాలా పట్టుదలగా ఆలోచించారు. పనికి ముందు తప్పకుండా ఉన్నంత మాత్రాన ఏదీ కారణం అయిపోదన్నారు. కుండకి కారణాలు వెతుకుతుంటే మట్టి మోసుకొచ్చిన గాడిద కూడా అక్కడే నిలబడి ఉంటుంది. అది లేకపోయినా కుండ తయారయ్యేదే కాబట్టి దాన్ని అన్యథాసిద్ధం అని పక్కకి తోలారు. (కుమ్మరి తండ్రిని కూడా ఇదే జాబితాలో వేశారు. పాపం, ఆయన లేకపోతే కుమ్మరే లేడు!)

ఇప్పుడు షెడ్డులో జరిగేది చూడండి. "మౌంటు పోయింది సార్" అంటారు. జాకీ మీద ఇంజనుని ఆపి, బోల్టులు విప్పి, పాతది తీసి, కొత్తది బిగిస్తారు. మోత ఆగిపోతుంది. మౌంటే కారణమని తేలిపోయినట్టేనా? ఆ పనిలో ఇంజను కాస్త లేచింది, సైలెన్సర్ గొట్టం కాస్త జరిగింది, పక్కనున్న వైర్లని ఎవరో నెట్టారు, వదులుగా ఉన్న బోల్టొకటి దారిలో తగిలితే బిగించారు. మోత ఆపింది ఆ బోల్టే కావచ్చు. అప్పుడు వేలు పోసి కొన్న కొత్త మౌంటు గాడిద కిందే లెక్క.

తేల్చుకునే దారి లేకపోలేదు. జాన్ స్టువర్ట్ మిల్ 1843లో చెప్పిన వ్యత్యాస పద్ధతి ఇదే: మిగతావన్నీ ఒకేలా ఉంచి, ఒక్కటి మాత్రం మార్చి చూడాలి. అంటే పాత మౌంటుని మళ్ళీ బిగించి, మోత తిరిగొస్తుందా అని వినాలి. సాఫ్ట్‌వేర్‌లో మేం అప్పుడప్పుడూ చేస్తాం. ఫిక్స్‌ని వెనక్కి తీసి, బగ్ మళ్ళీ కనిపిస్తేనే నమ్ముతాం. అక్కడ అది రెండు నిమిషాల పని. షెడ్డులో సగం పూట. ఎవరూ చేయరు, చేయమని ఎవరూ అడగరు.

"మోత ఆగింది కదా, కారణంతో మీకేం పని?" అనొచ్చు. న్యాయమైన ప్రశ్నే. హీట్ షీల్డుకి ఒక క్లాంపు వేసి ఊరుకుంటే నాకే అభ్యంతరమూ లేదు, క్లాంపు వేశామని చెప్తే చాలు. కానీ అన్ని నిశ్శబ్దాలూ ఒకటి కావు. పాత కార్బ్యురేటర్ బళ్ళలో ఒక స్క్రూ తిప్పి ఐడ్లింగు పెంచితే చాలా మోతలు మాయమయ్యేవి. కుదుపు పోలేదు, దాని వేగం మారిందంతే. ఇప్పటి బండిలో ఒక సిలిండర్ సరిగ్గా మండక వణుకు వస్తుంటే, ఆ వణుకుని ఏదోలా కప్పిపెడితే, మండని పెట్రోలు వెళ్ళి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. అక్కడ మోత ఒక్కటే నిజం చెబుతోంది, దాని నోరే మనం మూయించాం.

నాకు తప్పుగా తోచేది మోత ఆపడం కాదు, తెలియని కారణానికి పేరు పెట్టడం. "ఈ మోడల్‌కి ఈ మోత వస్తే మౌంటే" అన్నది ఒకసారి నోటి నుంచి వచ్చిందంటే, పక్కన స్పానర్ అందించే కుర్రాడు అది నేర్చుకుంటాడు. రేపు వచ్చే పదిమంది దానికి డబ్బు కడతారు.

అయితే దీన్ని మెకానిక్ నిజాయితీ సమస్యగా మాత్రమే చూడటం సుఖంగా తప్పించుకోవడమే. ఏ భాగమూ మార్చకుండా తెలుసుకునే పద్ధతులు వాళ్ళకి బాగానే తెలుసు. ఏసీ ఆపి వినడం, ఆటోమేటిక్ అయితే బ్రేకు నొక్కి డి నుంచి ఎన్‌కి మార్చి చూడటం, మోగే చోట అరచేత్తో అదమడం, పొడుగాటి స్క్రూ డ్రైవర్ కొన ఇంజనుకి ఆనించి పిడిని చెవికి పెట్టుకోవడం. అసలు జ్ఞానమంతా ఇక్కడే ఉంది. బిల్లు చూడండి: భాగానికో వరస, బిగించినందుకో వరస. వెతికినందుకు చాలా బిల్లుల్లో వరసే ఉండదు. అరగంట చెవి పెట్టి విని, "మౌంటు బానే ఉందండీ, ఇదింకేదో, నాకు అంతు పట్టలేదు" అన్న మనిషికి మనం ఎంత ఇస్తాం? మామూలుగా ఏమీ ఇవ్వం. ఇంకో షెడ్డుకి వెళ్తాం. అక్కడ మౌంటు మారుస్తారు.