బెంచి మీద కూర్చున్న అమ్మాయికి

అమలాపురం



అమ్మలూ,

కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు పన్నెండు మందిలో నీ పేరుందని మీ అమ్మ చెప్పినరోజు మీ అమ్మమ్మ వీధిలో అందరికీ చెప్పుకొచ్చింది. నెల తిరక్కుండానే నీ దగ్గర్నించి ఈ కబురు. "తీసుకున్నారు గానీ ఆడించరు తాతయ్యా, మానేస్తాను" అన్నావు. మొదటి అయిదుగురిలో నువ్వు లేవు. వాళ్లు అలిసిపోతే దిగే ఇద్దరిలోనూ లేవు. నీ లెక్కలో నువ్వు ఎనిమిదోదానివి. ఇటు మీ నాన్నేమో కాలేజీ కమిటీలో తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, ఆయన చేత ఒక మాట చెప్పిస్తానంటున్నాడు. ఈ రెండింటి గురించే రాస్తున్నాను. ఫోన్లో అయితే సగం విని "సరే తాతయ్యా" అనేసి పెట్టేస్తావు. కాగితం మీదుంటే కోపం తగ్గాక ఇంకోసారి చదువుకుంటావు.

ముందు నీకు తెలిసిన కథే చెబుతాను. 2022 మే 15న బ్యాంకాక్‌లో మన దేశం ఇండొనేషియాను 3-0తో ఓడించి బ్యాడ్మింటన్‌లో థామస్ కప్ గెలిచింది. కోనసీమ పేరుతో జిల్లా ఏర్పడి అప్పటికి నెలన్నర కూడా కాలేదు. 1949 నుంచి జరుగుతున్న ఆ పోటీలో మనవాళ్లు అంతకు ముందు ఫైనల్ దాకా వెళ్లిందే లేదు. ఇండొనేషియా అప్పటికే పద్నాలుగు సార్లు గెలిచిన జట్టు. ఆ రోజు గెలిచిన మూడు మ్యాచ్‌ల్లో రెండింటికి మన మట్టితో చుట్టరికం ఉంది. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్, చిరాగ్ శెట్టితో కలిసి డబుల్స్ గెలిచాడు. రావులపాలెంలో పుట్టిన కిదాంబి శ్రీకాంత్ మూడో మ్యాచ్ గెలిచి కప్పు ఖాయం చేశాడు. ఊరంతా ఆ ఇద్దరి గురించే చెప్పుకుంది, చెప్పుకోవాలి కూడా. నాకు మాత్రం ఆ వారమంతటిలో అందరికంటే గాఢంగా గుర్తుండిపోయిన మనిషి ఫైనల్లో కోర్టులోకే దిగలేదు. ఆయన హెచ్.ఎస్. ప్రణయ్.

థామస్ కప్ నాకౌట్‌లో ఒక్కో పోరులో అయిదు మ్యాచ్‌లుంటాయి. సింగిల్స్ మూడు, డబుల్స్ రెండు. ముందు ఎవరు మూడు గెలిస్తే వాళ్లదే గెలుపు. మూడో సింగిల్స్ ఆడే మనిషి వంతు అందరికంటే చివర్న వస్తుంది. జట్టు ముందే మూడు గెలిచేస్తే అసలు రాదు. అయినా ఆ మనిషి పొద్దుటి నుంచి సిద్ధంగా ఉండాలి. ఒళ్లు వేడెక్కించుకోవాలి, చల్లారనివ్వకూడదు, మనసు అక్కడే పెట్టుకోవాలి. దిగితే మాత్రం 2-2 దగ్గర దిగుతాడు. ఆ ఒక్క మ్యాచ్ మీదే జట్టు మొత్తం బరువు ఉంటుంది. క్వార్టర్ ఫైనల్లో మలేషియా మీద ప్రణయ్‌కి అదే జరిగింది. సెమీఫైనల్లో డెన్మార్క్ మీద మళ్లీ అదే జరిగింది. డెన్మార్క్ మ్యాచ్‌లో కాలు జారి మడమ దగ్గర నొప్పి పట్టింది. మొదటి గేమ్ 13-21తో పోయింది. మెల్లగా కూడగట్టుకుని 21-9, 21-12తో మిగతా రెండూ గెలిచాడు. ఆ రెండు రాత్రులూ ఆయన లేకపోతే ఫైనల్లో శ్రీకాంత్ కొట్టిన ఆఖరి పాయింటే లేదు. ఫైనల్లో ఆయన అవసరం రాలేదు. మెడలో పడ్డ పతకం మాత్రం అందరిదీ ఒకటే.

ఇంకో జంట గురించి కూడా నువ్వు తెలుసుకోవాలి. గరగ కృష్ణప్రసాద్, పంజాల విష్ణువర్ధన్ గౌడ్, ఇద్దరూ తెలుగు పిల్లలే. క్వార్టర్స్‌లో, సెమీస్‌లో రెండో డబుల్స్‌కి దిగింది వాళ్లు. రెండుసార్లూ ఓడారు. మలేషియా మీద వాళ్లకు ఎదురు నిలబడ్డ జంటలో టోక్యో ఒలింపిక్స్ కాంస్యం గెలిచిన ఆరన్ చియా ఉన్నాడు. పేపర్లలో వాళ్ల పేర్లు ఎక్కడో చివరి పేరాలో వచ్చాయి. కానీ ఎవరో ఒకరు ఆ స్థానంలో నిలబడి ఆడకపోతే జట్టే ఉండదు. లక్ష్యసేన్ కూడా ఆ రెండు రోజులూ తన మ్యాచ్ ఓడి, ఫైనల్లో మొదటి గేమ్ 8-21తో పోగొట్టుకున్నాక లేచి గెలిచాడు. ఒకరు ఓడిన రోజు ఇంకొకరు నిలబెట్టారు. పది మందితో వెళ్లిన జట్టు అలా ముందుకు నడిచింది. ఒక్క గొప్ప ఆటగాడితో ఆ కప్పు వచ్చేది కాదు. అంతకు ముందు మనకు గొప్ప ఆటగాళ్లు లేకనా?

ఇప్పుడు మీ ఆటకొద్దాం. మీది 40 నిమిషాల ఆట. ఎప్పుడు చూసినా కోర్టులో అయిదుగురు. అంటే అందరికీ కలిపి 200 నిమిషాల పరుగు. ఆ 200 నిమిషాలూ అయిదుగురి కాళ్లే మోస్తే నాలుగో క్వార్టర్లో ఏమవుతుందో డ్రిల్లు మాస్టారుగా నేను చాలాసార్లు చూశాను. చేతి గురి బాగానే ఉంటుంది, మోకాళ్లలో బలం ఉండదు. బంతి రింగు ముందు అంచుకే కొట్టుకుని కింద పడుతుంది. రీబౌండ్‌కి ఎగరాల్సిన పిల్ల నేల మీదే నిలబడి చేతులు మాత్రం ఎత్తుతుంది. డిఫెన్సులో కాళ్లు కదలక చెయ్యి అడ్డం పెడుతుంది, ఫౌల్ పడుతుంది. అయిదో ఫౌల్‌కి ఎంత గొప్ప ప్లేయరైనా బయటికి రావాల్సిందే. ఒక క్వార్టర్లో జట్టు ఫౌళ్లు నాలుగు నిండాయంటే ఆ తర్వాత డిఫెన్సులో చేసే మామూలు ఫౌల్‌కి కూడా అవతలివాళ్లకు రెండు ఫ్రీ త్రోలు. యూనివర్సిటీ పోటీల్లో ఒక మ్యాచ్ అయిన మర్నాడే ఇంకో మ్యాచ్ ఉంటుంది. అంతకు ముందురోజు అలసట ఎక్కడికీ పోదు. సరిగ్గా అప్పుడు మీ పీడీ మేడమ్ బెంచి వైపు తిరిగి చూస్తారు.

ఆ చూపు నీ మీద పడితే నీకు దొరికేది నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో నీ నుంచి ఎవరూ పది పాయింట్లు అడగరు. బంతి పోగొట్టకుండా ఉండడం, అవతలి షూటర్‌కి కాస్త కూడా ఖాళీ ఇవ్వకపోవడం, బాక్స్ ఔట్ చేసి మనవాళ్లకు రీబౌండ్ దక్కేట్టు చూడడం, మన షూటర్ కోసం గట్టిగా స్క్రీన్ పెట్టి నిలబడడం. ఇవేవీ స్కోరు షీటులో నీ పేరు ఎదురుగా కనబడవు. కానీ నువ్వు దిగినప్పుడున్న తేడా నువ్వు తిరిగొచ్చేసరికి అలాగే ఉంటే, ఊపిరి పీల్చుకున్న మీ మొదటి గార్డు మళ్లీ కాళ్లలో బలంతో కోర్టులోకి వెళుతుంది. అదంతా నీ పని.

కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి నిన్ను చిన్నప్పుడు భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్లేవాణ్ణి. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటి రావడం నీకు గుర్తుండే ఉంటుంది. అంతెత్తు ప్రభ నీళ్లలో ఒరగకుండా ఇవతలి గట్టుకు చేరాలి. జనం చూపంతా పైన రంగుల గుడ్డల మీదే ఉంటుంది. కింద మోసేవాళ్ల పక్కనే మోయనివాళ్లు కొందరు నడుస్తూ ఉంటారు. తాళ్లు పట్టుకున్నవాళ్లు వేరు, వీళ్లు వేరు. ఒకడి భుజం సడలిందని కనిపెట్టగానే ఇంకొకడు అడుగు తప్పకుండా తన భుజం ఆనిస్తాడు. ఆ మారడం సరిగ్గా జరిగితే ఒడ్డున ఉన్న ఎవరికీ తెలియదు. జరక్కపోతే ఊరంతా చూస్తుండగా ప్రభ ఒరుగుతుంది. నువ్వు ఇప్పుడు ఆ పక్కన నడిచే మనిషివి. ఖాళీగా నడుస్తున్నావనుకోకు.

"నేను షూటర్‌ని తాతయ్యా, నన్ను డిఫెన్సుకి మాత్రమే పంపిస్తానంటున్నారు" అని కూడా అన్నావు. సాత్విక్‌నీ చిరాగ్‌నీ 2016లో కోచ్ టాన్ కిమ్ హెర్ ఒక జంటగా కలిపినప్పుడు ఇద్దరూ వెనక నుంచి బలంగా కొట్టే ఆటగాళ్లే. ఇద్దరూ వెనకే ఉంటే ముందు నెట్ దగ్గర ఎవరుంటారు? చిరాగ్ ముందుకొచ్చి కొత్త ఆట నేర్చుకున్నాడు. 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్‌కెక్కిన చెయ్యి సాత్విక్‌దే. ఆ చేతికి షటిల్ పైకి లేచేలా చేసేది చాలాసార్లు నెట్ దగ్గర నిలబడ్డ చిరాగ్. ఆ ఇద్దరూ 2023లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. శ్రీకాంత్ కథ దీనికి తిరగేసి ఉంటుంది. కుర్రతనంలో అతను డబుల్స్ ఆటగాడు. కోచ్ గోపీచంద్ అతన్ని సింగిల్స్‌కి మార్చాడు. 2018లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. ఇవాళ నీకిచ్చిన పని నువ్వెవరివో చెప్పే తీర్పు కాదు, జట్టుకు ఇవాళ ఏది కావాలో అది. రేపు మారవచ్చు. అప్పటిదాకా ఆ పనిని చులకనగా చెయ్యకు.

మీ ఆటలోనే ఉన్నాడు మను జినోబిలి. 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో అర్జెంటీనాకు బంగారం తెచ్చిన మనిషి. ఎన్‌బీఏలో శాన్ ఆంటోనియో జట్టు తరఫున ఎన్నో ఏళ్లు బెంచి మీంచి లేచొచ్చి ఆడాడు. 2008లో అక్కడ ఉత్తమ ఆరో ఆటగాడి బహుమతి తీసుకున్నాడు, నాలుగుసార్లు కప్పు గెలిచాడు, 2022లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. మొదటి అయిదుగురిలో ఆడగల సత్తా ఉండి కూడా జట్టు కోసం బెంచి మీద కూర్చున్నాడు.

ఇక సిఫార్సు సంగతి. మీ నాన్నకు నీ మీద ప్రేమ, అందులో తప్పు పట్టను. కానీ ఆ పెద్దాయన ఒక మాట చెప్పి నిన్ను మొదటి అయిదుగురిలో చేర్పిస్తే, ఆ అయిదుగురిలో ఒక పిల్ల బెంచి మీదికి వస్తుంది. ఆ పిల్ల పొద్దున్నే లేచి పరిగెత్తి, దెబ్బలు తగిలించుకుని సంపాదించుకున్న చోటు అది. ఆ పిల్లకు తాతయ్య ఉండడా? ఆమెకు నువ్వు మొహం ఎలా చూపిస్తావు? మిగతా పదిమందికీ సంగతి రెండు రోజుల్లో తెలిసిపోతుంది. తెలిశాక నీకు ఎవరూ నమ్మి పాస్ ఇవ్వరు. కోర్టులో నమ్మకం పోయినదానికి అయిదుగురిలో చోటున్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మన ప్రాంతంలో ఉద్యోగానికీ సీటుకీ ఎవరితోనో చెప్పించుకోవడం ఒక రివాజయిపోయింది. ఆట స్థలంలోకి మాత్రం దాన్ని రానివ్వకు. పిల్లలు తమ బలం తామే చూసుకోగల చోటు అదొక్కటే మిగిలింది.

అలాగని నోరు మూసుకుని కూర్చోమని నేను చెప్పను. పన్నెండు మందిని తీసుకుని ఏడుగురినే ఆడించి, మిగతావాళ్లకు తామెందుకున్నారో కూడా చెప్పని కోచ్ తన పని సగమే చేసినట్టు. నేను టీముల్ని ఎంపిక చేసిన రోజుల్లో ప్రతి పిల్లాడినీ పిలిచి "నీ పని ఇది, నిన్ను ఇలాంటప్పుడు దింపుతాను" అని చెప్పేవాణ్ణి. అది వాళ్ల హక్కు. నీకు ఎవరూ చెప్పకపోతే నువ్వే అడగాలి. ప్రాక్టీసు అయ్యాక, అందరి ముందూ కాకుండా, మేడమ్‌ని గౌరవంగా అడుగు: "మేడమ్, నా నుంచి జట్టుకు ఏం కావాలి? దేనిలో మెరుగుపడితే నన్ను ముందు దింపుతారు?" ఫిర్యాదులా అడగొద్దు, పని అడిగినట్టు అడుగు. కారణం నీ ఆటలో ఉంటే ఆవిడ చెబుతారు, నీకు దారి దొరుకుతుంది. కారణం ఆట కాక ఎవరి కులమో, ఎవరి ఊరో, ఎవరి సిఫార్సో అని తేలితే అప్పుడు నాకు రాయి. నీ ఒక్కదాని కోసం కాకుండా ఆ పన్నెండు మంది కోసం మాట్లాడడానికి నేనే వస్తాను.

ఈలోగా బెంచి మీద ఊరికే కూర్చోకు. అవతలి పాయింట్ గార్డు ఎడమ చేత్తో డ్రిబుల్ చేయలేక ఎప్పుడూ కుడి పక్కకే వెళుతోందా, వాళ్ల సెంటర్ ఎవరు తగిలితే చిరాకు పడుతోంది, మన జట్టు ఫౌళ్లు ఎన్నయ్యాయి, ఇవన్నీ కూర్చున్న మనిషికే బాగా కనబడతాయి. టైమ్ ఔట్‌లో మంచినీళ్లతో పాటు నువ్వు చూసిన ఒక్క ముక్క అందించు. ప్రాక్టీసులో రెండో అయిదుగురి తరఫున ఆడేటప్పుడు ఒళ్లు దాచుకోకు. మీరు గట్టిగా ఆడితేనే మొదటి అయిదుగురికి నిజమైన మ్యాచ్ ఎలా ఉంటుందో తెలుస్తుంది. మీరు నీరుగారిపోతే వాళ్లు పోటీలో మొదటి క్వార్టర్లోనే తెల్లమొహం వేస్తారు. ఆ ఓటమిలో మీ వాటా ఉంటుంది.

ఇదంతా చేశాక కూడా ఈ సీజనంతా నీకు నాలుగు నిమిషాలే రావచ్చు, అవీ రాకపోవచ్చు. ఆ నిజం దాచి నీకు ధైర్యం చెప్పడం నాకిష్టం లేదు. అప్పుడు బాధ కలుగుతుంది, కలగనీ. సీజన్ అయ్యాక నీకు నిజంగా ఈ ఆట వద్దనిపిస్తే మానెయ్, నేనేమీ అనను. మధ్యలో మాత్రం మానకు. పదకొండు మందితో బస్సెక్కిన జట్టులో ఒకరికి జ్వరమొస్తే, ఒకరి కాలు బెణికితే, వాళ్లు నీ కోసం వెతుక్కుంటారు.

మీ నాన్నతో నిన్ననే మాట్లాడాను. ఆయన ఎవరికీ ఫోన్ చెయ్యడు. రేపు ప్రాక్టీసు అయ్యాక నువ్వు మేడమ్‌ని ఆ ప్రశ్న అడుగు. ఆవిడ ఏమన్నారో మాట పొల్లు పోకుండా నాకు రాసి పంపు.

ఆశీస్సులతో,
తాతయ్య