ఇంటిలోని అహింస



పంచ పరమేష్ఠులకు వందన మాచరించి, శ్రావకుని పండ్రెండు వ్రతములలో మొదటిదానిని గూర్చి నేడు విచారింతము. స్థూలహింస చేయనని గృహస్థుడు పట్టు అణువ్రత మది. నీరు వడగట్టి త్రాగుట, ప్రొద్దుగ్రుంకకముందే భుజించుట మనకు చిన్ననాటి యలవాట్లు. అయితే మన ఆచార్యులు ఈ వ్రతమునకు ఐదు అతిచారములను చెప్పియున్నారు. కట్టివేయుట, కొట్టుట, అవయవమును కోయుట, మోయలేని బరువు మోపుట, వేళకు అన్నపానములు పెట్టకుండుట. ఇవి పశువులకు, సేవకులకు సంబంధించిన మాటలని తలచి మనము ముందునకు సాగిపోవుదుము. ఇంటిలోని పసిబిడ్డకును, మేడమీది గదిలోని ముదుసలికిని ఇవి వర్తింపవా?

మన బరంపురమునే చూడుడు. 1936లో మదరాసు రాజధానినుండి విడివడి ఒడిశాలో చేరిన ఈ పట్టుచీరల పట్టణమున నేతగాని మగ్గము ఇంటిలోనే యుండెడిది. తండ్రి నేయుచుండ, తల్లి నూలు చుట్టుచుండ, తాత మనుమనికి పని నేర్పెడివాడు. మన ఇండ్లలోనో, క్రింద దుకాణము, పైన కాపురము. తిండికి పిలిచిన కేక దుకాణములోనికి వినబడెడిది.

నేడు గంజాం జిల్లానుండి లక్షలమంది సూరతులోని మరమగ్గములయొద్ద పని చేయుచున్నారు. అచ్చట పండ్రెండు గంటల పని. పగటి పనివాడు పండుకొను చోటనే రాత్రి పనివాడు లేచి పోవును. 2020 మే నెలలో, లాక్‌డౌను కాలమున, రైళ్లనిండ వారు తిరిగివచ్చినప్పుడు, ఎన్ని యిండ్లు తండ్రి లేక నడచుచున్నవో కన్నులకు కట్టినది. రెండేండ్ల కొకమారు బుఢీ ఠాకురాణి పుట్టింటికి వచ్చునని ఈ ఊరు జాతర చేయును. ఆ జాతరకు తండ్రికి సెలవు దొరకిననే పిల్లలకు పండుగ. సొమ్ము ఒక నెల రాకున్న, పెద్దకూతురు బడి మాని తమ్ముల నెత్తుకొనును. అవ్వ కూలికి పోవును. ఇది అతిభారము కాదా? మన దుకాణమున మడత విప్పి చూపు సూరతు చీరలో ఆ తండ్రి రెక్కల కష్ట మున్నది. కావున ఈ భారము మనకు సంబంధింపదని చెప్పజాలము.

ఇక మన యిండ్లు. కుమారులు హైదరాబాదున, బెంగుళూరున స్థిరపడుచున్నారు. డబ్బు తప్పక పంపుదురు. తల్లి యే మందు మ్రింగుచున్నదో కుమారునికంటె మందుల దుకాణపు గుమాస్తాకే బాగుగ తెలియును. కన్నవారిని పోషింపవలెనని 2007లో శాసనము చేయవలసి వచ్చినది. ట్రిబ్యునలు గడప త్రొక్కినగాని ధర్మము జ్ఞప్తికి రాకున్న, వాని నేమని పిలువవలెను? పలుకరింపు లేక పెట్టిన అన్నమును ముసలితనమునకు గొంతు దిగదు.

అట్లని ఉమ్మడి కుటుంబము పోయినదని విలపించుటయు సరి కాదు. ఆ కుటుంబమున బాలవితంతువు ఏమి తినెనో, చిన్నకోడలు ఎప్పుడు నిద్రించెనో విచారించినవా రెవ్వరు? ఒక పొయ్యి నాలుగు పొయ్యిలగుట పాపము కాదు. బరువంతయు బలహీనునిమీదికి జారుటయే పాపము.

శ్వేతాంబర పరంపర చెప్పు చందనబాల కథను తలచుకొనుడు. చంపానగరము శత్రువుల పాలైనది. తల్లి మరణించినది. రాజకన్య కౌశాంబి యంగడిలో అమ్ముడుపోయినది. ధనావహుడను శ్రేష్ఠి, మనవంటి వర్తకుడే, ఆమెను కూతురుగా ఇంటికి తెచ్చెను. అతడు పనిమీద ఊరు వెడలిన దినములలో, భార్య మూల అసూయచేత ఆ బిడ్డ తల గొరిగించి, కాళ్లకు సంకెల వేసి, అన్నము లేక గదిలో బంధించెను. చూచితిరా, సంకెల బంధము, ఆకలి అన్నపాన నిరోధము. శ్రేష్ఠి దుష్టుడు కాడు, ఇంట లేడు, అంతే. అతడు తిరిగివచ్చి, చేటలో ఉడికిన మినుములు చేతికిచ్చి, సంకెల త్రెంచుటకై కమ్మరిని పిలువబోయెను. 5 మాసముల 25 దినములు ఉపవసించిన మహావీరస్వామి అప్పుడే ఆ గడపకు వచ్చి, కన్నీరు కార్చుచున్న ఆ బిడ్డ చేతి భిక్షనే గ్రహించెను. కౌశాంబిలో ధనవంతుల యిండ్లు లేకనా? ఆ బాలయే తరువాత 36,000 మంది సాధ్వులకు నాయకురాలైనది. బడి మానిన ఏ బిడ్డలో ఏ చందన యున్నదో మన కెరుక యగునా?

ఆ స్వామియే తల్లిగర్భమందుండగా, తలిదండ్రులు జీవించియుండువరకు దీక్ష గైకొననని సంకల్పించెనట. వారు గతించిన పిమ్మటను అన్న నందివర్ధనుని అనుమతికై వేచియుండెను. మోక్షమార్గమునకే తొందరపడని ఆ మహానుభావుని యెదుట, వ్యాపారపు తొందర యని మనము చెప్పు సాకు నిలుచునా?

కావున మూడు నియమములు పట్టుదము. మొదటిది: పదునాలుగేండ్లు నిండని బాలుని దుకాణమున పనికి నిలుపరాదు. శాసనమునకు వెరచి కాదు, వ్రతము కొరకు. గుమాస్తా బిడ్డ యే తరగతి చదువుచున్నదో యజమానికి తెలిసియుండవలెను. రెండవది: సామాయికము ముగిసిన పిమ్మట ప్రతిదినము కొంతసేపు తలిదండ్రులయొద్ద కూర్చుండవలెను. దూరముననున్నవారు పర్యూషణమునకైనను ఇంటికి వచ్చి, క్షమాపణ పాదములయొద్దనే కోరవలెను, ఫోనులో కాదు. మూడవది: అతిథి సంవిభాగ వ్రతమును పాటించువారు తమ వీథిలో తండ్రి దూరముననున్న ఒక్క బిడ్డ పుస్తకములకు, అన్నమునకు వంతు తీయవలెను. అది దానమని చాటరాదు; బాకీ యని చెల్లింపవలెను.

మహావీర నిర్వాణ దినమగు దీపావళినాడు మనము క్రొత్త ఖాతా తెరతుము. జమాఖర్చులు చూచుకొనునప్పుడు, ఈ యేడు మన యింట ఎవరి భారము తగ్గినదో, ఎవరి భారము పెరిగినదో ఆ మొదటి పుటయందే వ్రాసికొనుడు. ఆ లెక్క సరిపోయిన యింట అహింస నిలుచును.

జై జినేంద్ర!