అసలేది? నకిలీ యేది?

1917లో న్యూయార్కు నగరమున ఒక ధనికుడు తన భవనమును కార్టియే అను నగల వర్తకులకిచ్చి, బదులుగా నూరు డాలర్లను, భార్య కొరకు రెండు పేటల ముత్యాలహారమును పుచ్చుకొనెను. ఆ హారము వెల నాడు పది లక్షల డాలర్లని లెక్కగట్టిరి. 1957లో అదే హారము వేలమునకు వచ్చినపుడు ఇంచుమించు లక్షన్నర డాలర్లు మాత్రమే పలికెను. ముత్యములు మారలేదు. అమ్మినవారును మోసగాండ్రు కారు. మరి తరిగినదేమి?

1893లో జపాను దేశీయుడు మికిమోటో ఆల్చిప్పలో బీజముంచి అర్ధగోళాకారపు ముత్యమును పండించెను. కొన్ని దశాబ్దములకే గుండ్రని పెంపకపు ముత్యములు ప్రపంచపు అంగళ్లను నింపినవి. ఇవి నకిలీలు కావు. ఆల్చిప్ప కడుపున పుట్టినవే. భేదము కంటికి తెలియక ఎక్స్‌కిరణముల పరీక్ష కావలసివచ్చెను. పదిమందికి అందుబాటులోనికి వచ్చుటయే వాని నేరము. పూర్వము ధనికురాలు వెలయిచ్చి కొన్నది ముత్యమును కాదు, అది ఇతరులకు లేకపోవుటను!

అంతకు పూర్వమే, 17వ శతాబ్దిలో, పారిస్ నగరమున గాజుపూసల లోపల చేపపొలుసుల మెరుగు పూసి ముత్యములను పోలినవానిని చేసిరి. గాజునకు గాజు వెలయే పుచ్చుకొన్న వర్తకుని తప్పుపట్టుటకు వీలులేదు. ధరించి ఊరకున్న స్త్రీ మౌనమే అసత్యమందురు కొందరు. అది కొంతవరకే సరి. నిజమైన హారము ధరించిన స్త్రీ మౌనము మాత్రమేమి పలుకుచున్నది? ఒకరిది ధనమును గూర్చి అబద్ధము. రెండవవారిది ధనమును గూర్చి నిజము. మనిషిని గూర్చి రెండును ఏమియు చెప్పుట లేదు.

నేడు ఈ వేషము మరింత పలుచనైనది. విదేశపు పేరుగల చేతిసంచికి ప్రతిరూపమును మన నగరములలో 'ఫస్ట్ కాపీ' యని బాహాటముగనే అమ్ముచున్నారు. అందు అనుకరించినది తోలును కాదు, కుట్టును కాదు, ముద్రను. ఆ ముద్ర ప్రతి భుజముపైనను కనబడగానే మిక్కిలి సంపన్నులు ముద్ర కానరాని సంచిని వెదకుకొనుచున్నారు. దానిని గుర్తింపగలవారు కొందరే యుండుట వారికిష్టము.

అయినంతమాత్రమున నకిలీ యనునది ధనికుల గర్వమునకు తగిన శాస్తి యని నవ్వి విడుచుటకు వీలులేదు. పెంపకపు ముత్యములు వచ్చినపుడు కూలినది గర్వమొక్కటియే కాదు. బహ్రెయిన్, కువాయిటు తీరములలో ఊపిరి బిగబట్టి సముద్రగర్భమునకు దిగువారు తరతరములుగా పడవయజమానులకు ఋణపడియుండిరి. 1930 తరువాత, ప్రపంచమంతట వ్యాపించిన ఆర్థికమాంద్యము కూడ తోడై, ఆ కష్టపు కూడును కరవయ్యెను. అచ్చట ఎవరును అబద్ధమాడలేదు. నష్టము మాత్రము పేదవానిదే.

అబద్ధమును, నష్టమును ఒక్కచోట చూడదలచినవారు భూదాన్ పోచంపల్లి చీర పేరిట అమ్ముడగు అచ్చుబట్టను చూడవలెను. అసలు చీరకు నూలును ముందుగా లెక్క ప్రకారము ముడివేసి, రంగులలో ముంచి, మరల ముడి విప్పి, అటుపిమ్మట మగ్గమున కెక్కింతురు. ఒక్క పోగు జరిగినను నమూనా చెదరును. ఇంటిల్లిపాది దినములకొలది చేయు పని అది. 1985లో పార్లమెంటు కొన్ని రకముల వస్త్రములను చేమగ్గములకే ప్రత్యేకించుచు చట్టము చేసెను. పోచంపల్లికి భౌగోళికసూచిక గుర్తింపును లభించినది. అయినను యంత్రపు అచ్చు కొన్ని గడియలలో ఆ రూపమును దింపి, ఆ ఊరి పేరుతోనే అంగడికెక్కుచున్నది.

అచ్చుబట్టను అచ్చుబట్టగనే యెరిగి, చేతిలోని కొద్ది రూకలతో కొనుక్కొన్న కూలి యింటి యిల్లాలియందు దోషమెంచుట అన్యాయము. ఆమె ఎవరి కూడును తీయలేదు. చేనేత యని చెప్పి దానిని చేనేత వెలకు అమ్మువాడు మాత్రము నేతగాని పనిని, పేరును కూడ దొంగిలించుచున్నాడు. సంచి ముద్రను దొంగిలించినచో ఒక సంస్థ లాభము తరుగును. ఇచ్చట మగ్గమే మూతబడును.

గుర్తించుట కష్టము కాదు. పోగునకే రంగెక్కినది గనుక నేసిన చీర యొక్క నమూనా రెండు వైపులను సమముగా నుండును; అచ్చుబట్ట వెనుకవైపు వెలవెలబోవును. అంగడిలో కొంగును ఒక్కసారి తిరుగవేసి చూచుటకు వర్తకుని అనుమతి కూడ అక్కరలేదు.