ప్రయోజనం కోరి నేర్చే భాష

ముండకోపనిషత్తు విద్యను రెండుగా విభజించి, అక్షరతత్త్వాన్ని, అనగా నాశం లేని బ్రహ్మాన్ని తెలిపేది పరావిద్య అనీ, వేదాలు, వ్యాకరణాది వేదాంగాలు అపరావిద్య అనీ చెబుతుంది. ఆ లెక్కన భాషాధ్యయనమంతా అపరావిద్యే కాగా, ఉద్యోగం కోసం నేర్చే జర్మన్ అందులోనూ అట్టడుగునే ఉంటుందని తోచవచ్చు. ఫలాపేక్షతో నేర్చినంత మాత్రాన విద్య తన విలువను కోల్పోతుందా అన్నది విచారించదగిన ప్రశ్న.

భారతీయ శాస్త్రకారులు ప్రయోజనాన్ని చిన్నచూపు చూడలేదు. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటిని అనుబంధచతుష్టయమంటారు. వేదాంత గ్రంథాలు సైతం వీటిని చెప్పి గాని ముందుకు సాగవు. మోక్షశాస్త్రానికే ప్రయోజనం చెప్పక తప్పనప్పుడు, బతుకుతెరువు కోసం భాష నేర్చేవారిని తక్కువ చేయడం న్యాయం కాదు. విదేశాల్లో చదివిన నర్సుకు జర్మనీలో వృత్తి గుర్తింపు రావాలంటే సాధారణంగా బీ2 స్థాయి, అనగా ఐరోపా భాషా ప్రమాణంలోని ఆరు మెట్లలో నాలుగోది, అవసరమవుతుంది. ఆంగ్లంలో సాగే కోర్సుల్లో చేరిన తెలుగు విద్యార్థులకూ ఇంటి అద్దె ఒప్పందం మొదలుకొని ఉద్యోగం దాకా జర్మన్‌తో పని పడుతూనే ఉంటుంది.

అయితే జీతం కోసం నేర్చిన భాష జీతం దగ్గరే ఆగిపోదు. ఫలానా మందు ఈ రోజు ఇవ్వవద్దని వైద్యుడు జర్మన్‌లో చెప్పినప్పుడు, ఆ నిషేధం తరచు వాక్యం చివరనే వస్తుంది కనుక, నర్సు మాట పూర్తయ్యే దాకా చెవి ఒగ్గి వినవలసిందే. క్రియాపదం చివర వచ్చే తెలుగులో పెరిగిన వారికి ఈ ఓపిక కొంత అలవాటైనదే. నొప్పి ఎక్కడో, ఎలా ఉందో రోగి తన మాటల్లో చెప్పుకోగలిగినప్పుడు అతడు పడక సంఖ్యగా కాక మనిషిగా ఎదుట నిలుస్తాడు. మనిషిని కేవలం సాధనంగా చూడరాదని జర్మన్ తత్త్వవేత్త కాంట్ 1785లో ప్రతిపాదించిన నైతిక సూత్రంలో ‘కేవలం’ అన్న నియమం ముఖ్యమైనది: ఇతరుల వల్ల ప్రయోజనం పొందడాన్ని ఆయన నిషేధించలేదు, అంతటితో ఆగిపోవడాన్నే నిషేధించాడు.

పరావిద్యను కోరేవారికి కూడా ఈ భాషతో పని ఉంది. బోత్‌లింక్, రోత్ కూర్చిన ఏడు సంపుటాల బృహత్ సంస్కృత నిఘంటువు (1855–1875), పౌల్ డాయిసన్ అరవై ఉపనిషత్తుల అనువాదం (1897) జర్మన్‌లోనే వెలువడ్డాయి. నడివయసు దాటాక సంస్కృతం నేర్చిన జర్మన్ భాషావేత్త విల్హెల్మ్ ఫాన్ హుంబోల్ట్ భగవద్గీతపై బెర్లిన్ అకాడమీలో ప్రసంగించగా, సంస్కృతం రాని తత్త్వవేత్త హెగెల్ ఇతరుల అనువాదాల ఆధారంగా 1827లో ఆ ప్రసంగాలను సమీక్షిస్తూ గీతా తత్త్వాన్ని తీవ్రంగా విమర్శించాడు. ఆ విమర్శకు బదులు చెప్పదలచిన తెలుగు వేదాంతి హెగెల్‌ను ఆంగ్లానువాదంలో మాత్రమే చదివితే, గీత విషయంలో హెగెల్‌కు ఉన్న లోపమే హెగెల్ విషయంలో అతడికీ మిగులుతుంది.